ఫ రాని నోరు

"నోళ్ళు కడుక్కు రండి. ఒక్కడు మిగలకూడదు."

లెఫ్టినెంట్ వెంగ్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఈ మాట అన్నాడు. ఓడ కుడిపక్క ఫిరంగి దగ్గర ఎనిమిది మంది వరసగా నిలబడి ఉన్నారు. ఎనిమిది మందీ షాన్‌డుంగ్ తీరంలో పుట్టినవాళ్ళే. పొద్దున్నే ఆవిరిరొట్టెలో పచ్చి వెల్లుల్లి నంజుకుని వచ్చారు. వాళ్ళ తాతలు తిన్నారు, తండ్రులు తిన్నారు, నౌకాదళంలో చేరిన ఈ ఆరేళ్ళూ వీళ్ళూ తింటూనే ఉన్నారు. ఇవాళ కొత్తగా కంపు కొట్టిందట.

ఒక్కొక్కరే వెళ్ళి ఉప్పునీళ్ళ బాల్చీ దగ్గర పుక్కిలించి వచ్చారు. ఫిరంగికి మేస్త్రి త్సోంగ్. అందరికన్నా చివర వెళ్ళి వచ్చాడు.

"నువ్వింకోసారి," అన్నాడు వెంగ్.

వెళ్ళి వచ్చాడు.

"ఏదీ, నోరు తెరువు."

త్సోంగ్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. ఊళ్ళో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వరసలో నాలుగోవాడు అతని పెళ్ళాం తమ్ముడు షాన్. తనే ఊరి నుంచి తీసుకొచ్చి చేర్పించాడు. అందరి ముందూ, బావమరిది ముందూ, సంతలో గాడిదలా నోరు తెరిచి చూపించాడు. వెంగ్ తొంగి చూసి, మొహం చిట్లించి, "ఇంకోసారి" అన్నాడు. మూడోసారి పుక్కిలించిన ఉప్పునీళ్ళు త్సోంగ్ సముద్రంలోకి ఉమ్మలేదు. మింగేశాడు. తిరిగొచ్చి ఫిరంగి వెనక తన చోటులో నిలబడ్డాడు. ఆ తర్వాత వెంగ్ మొహం వైపు తల తిప్పలేదు.

ఓడ వెయ్‌హాయ్ అఖాతం దాటి బయటికొచ్చింది. మూడేళ్ళకోసారి జరిగే పెద్ద తనిఖీకి ఇంకా నాలుగు రోజులుంది. రాజధాని నుంచి మంత్రిగారు వచ్చి దళంలోని ఓడలన్నిటినీ కళ్ళారా చూస్తారు. దానికి ఇవాళ సాధన. గుండ్లు కొరత కాబట్టి ఫిరంగికి రెండే. తెప్ప మీద తెల్లగుడ్డ కట్టి దూరంగా చిన్న ఓడ ఒకటి లాక్కెళుతోంది. ఆ గుడ్డ మీద కొట్టాలి.

దళంలో ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. తెల్లవాళ్ళ దగ్గర కొన్న ఓడలు, తెల్లవాళ్ళు నేర్పిన విద్య. ఆఫీసర్లు దక్షిణాన ఫూచౌ బడిలో ఆ భాష చదువుకుని వచ్చినవాళ్ళు. వెంగ్ పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే. నావికులకి చదువు లేదు. ముప్ఫై చిల్లర మాటలు చెవికి పట్టించుకున్నారు, అంతే. ఏ చప్పుడికి ఏ చెయ్యి కదలాలో తెలుసు. అన్నిట్లోకీ 'ఫైర్' తేలిక. షాన్‌డుంగ్ చెవికి అది తమ సొంత మాటలాగే, 'వదిలెయ్యి' అన్నట్టే వినబడుతుంది. 'హయ్యర్' అంటే గొట్టం ఎత్తమని.

చిక్కల్లా ఫూచౌ నోటితోనే. ఆ ఊరి భాషలో 'ఫ' అన్న శబ్దమే లేదు. సొంత ఊరిని వాళ్ళు 'హూచౌ' అనుకుంటారు. బడిలో పళ్ళు పెదవికి ఆనించి ఎంత నేర్చుకున్నా, గాభరా పడితే పుట్టిన నోరు బయటపడుతుంది. ఫ రానివాడి చేతికి ఫిరంగి ఇచ్చారని నావికులు వెనకాల పడీపడీ నవ్వుకునేవారు.

మొదటి గుండు బాగానే వెళ్ళింది. రెండోది కూరారు. త్సోంగ్ వంగి, గురి చూసే గాడిలో కన్ను పెట్టాడు. పేల్చే తాడు కుడిచేతిలో బిగించి పట్టుకున్నాడు. పక్కన, గొట్టాన్ని పైకి లేపే ఎత్తుచక్రం దగ్గర షాన్ ఉన్నాడు. వెనక మెట్టు మీద వెంగ్. అల ఎత్తుకి ఓడ లేచింది. తెల్లగుడ్డ గాడిలోకి వచ్చి కూర్చుంది.

"హయ్యర్!" అని అరిచాడు వెంగ్. "హయ్యర్!"

త్సోంగ్ తాడు లాగాడు.

ఫిరంగి బండి వెనక్కి తన్నింది. పొగలో ఎవడో కుక్కపిల్లలా కుయ్యిమన్నాడు. గుండు తెప్పకి చాలా ఇవతల నీళ్ళలో పడి తెల్లగా లేచింది. పొగ విడిపోయేసరికి షాన్ మోకాళ్ళ మీద ఉన్నాడు. అతని కుడిచెయ్యి బండికీ దాని వెనకున్న దిమ్మకీ మధ్య ఇరుక్కుని ఉంది.

*

మర్నాడు పొద్దున్నే డెక్ మీద విచారణ జరిగింది. కెప్టెన్‌గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయనదీ ఫూచౌ. తక్కువ మాట్లాడే మనిషి. నావికులు ఆయన్ని తిట్టుకునేవారు కాదు. అలాగని తమవాడనుకునేవారూ కాదు.

"ఆజ్ఞ లేకుండా పేల్చాడు," అన్నాడు వెంగ్. "గుండు వృథా అయింది. మనిషి చెయ్యి పోయింది. తనిఖీ ముందు ఓడకి అప్రతిష్ఠ."

"ఏమంటావు?" అన్నారు కెప్టెన్‌గారు.

త్సోంగ్ మోకాళ్ళ మీద ఉన్నాడు. "ఆజ్ఞ అయిందయ్యగారూ. నాకు ఫైర్ అనే వినబడింది."

"నేనన్నది హయ్యర్!"

"అయ్యగారి నోట్లో రెండూ ఒకేలా ఉంటాయండి."

వెనక నిలబడ్డ నావికుల్లో చిన్న కదలిక వచ్చింది. వెంగ్ చెవులు ఎర్రబడ్డాయి. కెప్టెన్‌గారు అతని వైపు తిరిగి, "రెండూ పలుకు," అన్నారు.

వెంగ్ ఊపిరి పీల్చుకున్నాడు. పై పళ్ళు కింది పెదవికి ఆనించి, పంతుల దగ్గర పాఠం అప్పజెప్పినట్టు, "ఫైర్" అన్నాడు. కాసేపాగి, "హయ్యర్" అన్నాడు. రెండూ గాజు మీద రాసినట్టు తేటగా వినబడ్డాయి.

"అలా అనలేదండి నిన్న!" అని అరిచాడు త్సోంగ్. "తాపీగా అడిగితే ఎవడైనా అంటాడు. కావాలంటే వీళ్ళందర్నీ అడగండి!"

కెప్టెన్‌గారు అడిగారు. రెండోవాడు గువో కాళ్ళ కేసి చూసుకున్నాడు. మిగతావాళ్ళూ అంతే. విన్నామంటే ఆఫీసరు మీద సాక్ష్యం చెప్పినట్టు. వినలేదంటే త్సోంగ్ మీద చెప్పినట్టు. మిగతా ఫిరంగుల హోరులో సరిగ్గా వినబడలేదన్నారు.

"పైగా చెయ్యి కూడా ఎత్తాను," అన్నాడు వెంగ్. "ఎత్తమంటే అరచెయ్యి పైకి. పేల్చమంటే కిందికి. రెండేళ్ళుగా నా అలవాటు అది. వీడికి తెలియదా?"

"మేస్త్రి కన్ను గురి మీద ఉండాలని రాసి ఉంది కదండీ పుస్తకంలో," అన్నాడు త్సోంగ్. "అయ్యగారి చేతి మీద ఉండాలని లేదు కదా?"

కెప్టెన్‌గారు అతన్ని కాసేపు చూశారు. "ఇన్నాళ్ళూ మరి పొరపాటు ఎందుకు జరగలేదు?"

"సముద్రపు తల్లి దయండి."

ఆ జవాబు ఆయనకి నచ్చినట్టు లేదు. నలభై దెబ్బలు వేయించారు. మేస్త్రి పని తీసేసి గువోకి ఇచ్చారు. షాన్ చోటు ఖాళీగా ఉంది కాబట్టి త్సోంగ్‌ని ఎత్తుచక్రం దగ్గర నిలబెట్టమన్నారు.

వెదురు బద్దతో తొడల మీద కొట్టారు. లెక్క చదివినవాడు ఫూచౌ గుమాస్తా. వెంగ్ కదలకుండా నిలబడి నలభై దాకా చూశాడు. త్సోంగ్, అక్కడి మగాళ్ళందరిలాగే వీపున వేలాడే తన జడ కొస పళ్ళ మధ్య పెట్టుకుని కొరికాడు. ఇరవై దాటాక నొప్పి గురించి ఆలోచించడం మానేశాడు. వీడి నోరు అందరి ముందూ తెరిపించాలి. వీడి చేతే అనిపించాలి. అదొక్కటే అనుకున్నాడు.

*

సాయంత్రం లేవగలిగాక పడవలో దీవి మీది ఆసుపత్రికి వెళ్ళాడు. షాన్ చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మణికట్టు దాకా గుడ్డ చుట్టి ఉంది. నాలుగు వేళ్ళు తీసేశారు, బొటనవేలు ఒక్కటే మిగిలిందని కాపలా ముసలాడు చెప్పాడు.

త్సోంగ్ కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తెచ్చిన రొట్టెలు చాప పక్కన పెట్టాడు.

"తిన్నావా?"

"జావ పోశారు."

"నొప్పెలా ఉంది?"

"ఉంది బావా." షాన్ ఇటు తిరిగాడు. ఇరవై రెండేళ్ళ మొహం ఒక్క రోజులో పీక్కుపోయింది. "నిన్ను కొట్టారంటగా."

"కొడితే కొట్టారు. నాకది కాదు బాధ. నా చేత్తో నీ చెయ్యి పోయిందని రాసుకున్నార్రా. కాగితం మీద ఎక్కించారు. అది మన ఊరి దాకా వస్తుంది. మీ అమ్మ వింటుంది, మీ అక్క వింటుంది. పెళ్ళాం తమ్ముణ్ణి తీసుకెళ్ళి అవిటివాణ్ణి చేశాడంటారు."

షాన్ మణికట్టు మీది గుడ్డ కొస సర్దుకున్నాడు.

"ఇది చేసింది వాడు. వాడి పాడు నోరు. అదందరికీ తెలిసేలా చేస్తాను. కెప్టెన్‌ చేతే అనిపిస్తాను. అప్పుడొచ్చి నీకు చెప్తాను, సరేనా?"

"అలాగే బావా," అన్నాడు షాన్. కాసేపటికి, "ఆ గుండు తగిలిందా?" అని అడిగాడు.

"లేదు. ఇవతల పడింది."

షాన్ తలాడించి మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

*

తర్వాతి రెండు రోజులూ డెక్ రాతితో తోమడం, ఇత్తడి మెరిపించడం, కొత్త జెండాలు ఎక్కించడం. త్సోంగ్‌ని వంగి చేసే పనుల మీదే పెట్టారు. తొడల మీద తేలిన దద్దులు పగిలి లాగుకి అంటుకునేవి. తోముతుంటే వెంగ్ వచ్చి, తుడిచిన చోటే బూటుతో రాసి, "ఇక్కడింకా మురికుంది," అనేవాడు. త్సోంగ్ మళ్ళీ తోమేవాడు.

భోజనాల దగ్గర గువో పక్కన కూర్చోడానికి సిగ్గుపడి దూరంగా కూర్చున్నాడు. త్సోంగే పిలిచాడు.

"రారా మేస్త్రీ. నేనేమన్నా కరుస్తానా?"

"నేనడగలేదన్నా ఆ పని. వాళ్ళే ఇచ్చారు."

"నాకు తెలుసులే. తాడు పట్టుకుంటే చెయ్యి వణుకుతోందా?"

గువో నవ్వబోయి మానేశాడు. "నిజంగానే వణుకుతోంది. వాడు అరిస్తే ఏదనుకోవాలో తెలీట్లేదు. పేల్చకపోతే తిడతాడు. పేలిస్తే నలభై. నాకు నీ అంత ఒళ్ళు లేదన్నా."

"అయితే ఒక్క పని చెయ్యి. నా వైపు చూస్తూ ఉండు. చక్రం కదిలిందంటే ఎత్తమన్నాడని అర్థం. తాడు ముట్టుకోకు. కదల్లేదంటే లాగెయ్యి."

"పుస్తకంలో అలా లేదుగా?"

"పుస్తకం సంగతి నాకు వదిలెయ్యి."

మిగతావాళ్ళు గిన్నెల్లోకి చూస్తూ తిన్నారు. ఒకడు మాత్రం ఉల్లికాడ కొరుకుతూ, "హయ్యర్ హయ్యర్" అని ఫూచౌ యాసలో నెమ్మదిగా అన్నాడు. అందరూ గొంతు లేకుండా నవ్వారు. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు.

*

తనిఖీ నాడు గాలి బాగుంది. ఓడలన్నీ ఒకదాని వెనక ఒకటి బారు తీరాయి. పెద్ద ఓడ మీద పందిరి కింద మంత్రిగారు, ఆయన చుట్టూ నెమలి ఈకల టోపీలవాళ్ళు, దుర్భిణులతో తెల్లదొరలు. జపానువాళ్ళు కూడా ఇద్దరు వచ్చారని గుసగుసగా చెప్పుకున్నారు. తెల్లగుడ్డ తెప్ప అల్లంత దూరాన కదులుతోంది. ఒక్కో ఓడ దాని ముందునుంచి వెళుతూ కొట్టాలి. ఈసారి ఫిరంగికి ఒక్కటే గుండు.

ముందున్న ఓడ కొట్టింది. తెప్ప పక్కనే నీళ్ళు లేచాయి. పెద్ద ఓడ మీద చప్పట్లు వినబడ్డాయి.

తమ వంతు వచ్చింది. గుండు కూరారు. గువో గురిగాడిలో కన్ను పెట్టి, మళ్ళీ తీసి, త్సోంగ్ వైపు చూశాడు. త్సోంగ్ రెండు చేతులూ చక్రం మీద వేశాడు. కాళ్ళు ఎడంగా పెట్టుకున్నాడు. తల తిప్పి, నాలుగు రోజుల్లో మొదటిసారి, వెంగ్ మొహంలోకి సూటిగా చూశాడు.

వెంగ్ మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. పెదవుల మీద చెమట. తెప్ప గురిలోకి వచ్చింది. అతను కుడిచెయ్యి కత్తితో వేటు వేసినట్టు పైనుంచి కిందికి కొట్టాడు.

"హయ్యర్!"

పేల్చమన్నాడు. అందులో రవ్వంత అనుమానం లేదు. ఆ చెయ్యీ, ఆ కళ్ళూ, గురిలో కూర్చున్న ఆ తెల్లగుడ్డా, అన్నీ పేల్చమనే అంటున్నాయి. త్సోంగ్ చక్రం తిప్పాడు. గొట్టం పైకి లేచింది.

గువో తాడు వదిలేశాడు.

"హయ్యర్! హయ్యర్!" వెంగ్ మెట్టు మీద ఎగురుతూ చెయ్యి మళ్ళీ మళ్ళీ కిందికి కొట్టాడు.

త్సోంగ్ మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. అరిచినప్పుడల్లా ఒక చుట్టు. ఆజ్ఞకి ఒక చుట్టు తక్కువ కాదు, ఎక్కువ కాదు. చక్రం ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పాడు. ఫిరంగి మూతి మబ్బుల్లోకి చూస్తూ నిలబడిపోయింది. తెప్ప తన దారిన తాను దాటి వెళ్ళిపోయింది. వెనక ఓడ వంతు వచ్చి, అది కొట్టింది. పెద్ద ఓడ మీద దుర్భిణులన్నీ ఇటే తిరిగి ఉన్నాయి. ఎవరో తెల్లదొర పడీపడీ నవ్వుతున్నాడు.

కెప్టెన్‌గారు తనే, ఓడ నడిపే ఎత్తు వంతెన దిగి వచ్చారు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఎందుకు పేలలేదు?"

గువో మోకాళ్ళ మీద పడ్డాడు. త్సోంగ్ మాత్రం నిలబడే మాట్లాడాడు. "ఆజ్ఞ కాలేదయ్యగారూ. ఎత్తమన్నారు. ఎత్తాం. ఆరుసార్లు ఎత్తమన్నారు."

"అబద్ధం!" వెంగ్ గొంతు చీలింది. నురగలు కక్కుతూ ముందుకొచ్చాడు. "నేనన్నది హయ్యర్! ఎత్తమని కాదు, హయ్యర్! అందరూ విన్నారు! హయ్యర్ అన్నాను!"

ఫిరంగి దగ్గరున్న ఏడుగురిలో ఒక్కడూ నవ్వలేదు. ఆ మాట డెక్ మీద అలా నిలబడిపోయింది. వెంగ్ నోరు తెరుచుకునే ఉంది. తన చెవికీ అది అప్పుడే చేరినట్టుంది. పై పళ్ళతో కింది పెదవి తడుముకున్నాడు.

కెప్టెన్‌గారు వెంగ్ నోటి వైపు చూశారు. ఆయన కూడా ఆ ఊరివాడే. ఆ నోరు ఆయనకీ ఉంది. చివరికి ఫూచౌ భాషలో ఒక్క ముక్క అన్నారు. వెంగ్ నడుముకున్న కత్తి విప్పి గుమాస్తా చేతికిచ్చి కిందికి వెళ్ళిపోయాడు.

"మొన్నటి కాగితం చించెయ్యి," అన్నారు కెప్టెన్‌గారు గుమాస్తాతో. "తప్పు మేస్త్రిది కాదని ఇంకోటి రాయి." త్సోంగ్ వైపు చూశారు. ఆ చూపులో మెచ్చుకోలు లేదు, జాలి లేదు. "నీ ఫిరంగి నువ్వు తీసుకో," అని వంతెన ఎక్కారు.

*

పడవ దీవికి తగిలేలోపే త్సోంగ్ ఒడ్డుకి దూకాడు. తొడల నొప్పి గుర్తుకే రాలేదు. ఆసుపత్రిలో షాన్ లేచి గోడకి ఆనుకుని కూర్చుని, ఎడం చేత్తో జావ తాగుతున్నాడు.

"చించేశార్రా! కాగితం చించేశారు! తప్పు నాది కాదని రాశారు. కెప్టెన్‌ నోటితోనే చెప్పాడు, అందరూ విన్నారు."

షాన్ మొహం విచ్చుకుంది. "నిజంగానా బావా? ఏమైంది? మొదట్నుంచీ చెప్పు."

త్సోంగ్ చెప్పాడు. కూర్చుని చెప్పలేకపోయాడు. లేచి గది మధ్య నిలబడి వెంగ్ అయ్యాడు, గువో అయ్యాడు, ఫిరంగి అయ్యాడు. మెడ సాగదీసి గొట్టం ఆకాశంలోకి ఎలా చూసిందో చూపించాడు. పక్క చాపల మీది రోగులు కూడా లేచి కూర్చుని నవ్వారు. షాన్ నవ్వుతుంటే జావ ఒలికింది.

"వాడేమో ఇలా, కత్తితో నరికినట్టు చెయ్యి కిందికి కొడుతున్నాడు. కళ్ళు ఇంతింత చేసుకుని. నేను సూటిగా వాడి మొహంలోకే చూస్తున్నా. పేల్చమంటున్నాడని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నాకు తెలీదా? తెలిసే తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను!"

షాన్ నవ్వు కొంచెం కొంచెంగా ఆగింది.

"నోరు ఒకేలా ఉంటుంది గానీ, చూస్తే తెలిసిపోతుందన్నమాట," అన్నాడు.

"తెలియకపోవడమేం? రెండేళ్ళుగా..." అని త్సోంగ్ ఆగాడు.

షాన్ జావ గిన్నె కింద పెట్టాడు. గుడ్డ చుట్టిన చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఆ రోజు నేను చూశాను బావా. ఆయన అరచెయ్యి పైకెత్తాడు. అందుకే చక్రం మీద చెయ్యి వేశాను." అతని గొంతులో కోపం లేదు. "నువ్వు మాత్రం పొద్దున్నుంచీ ఆయన వైపు చూడలేదు. నోరు తెరవమన్నాడు కదా, దానికి."

త్సోంగ్ గది మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు. రోగులు ఒక్కొక్కరే పడుకున్నారు.

"అక్కకి ఉత్తరం రాయించాలి," అన్నాడు షాన్. "ఏది రాయమంటావో నువ్వే చెప్పు బావా. అదే రాయిస్తాను."